ఏ పార్టీకీ చెందని ప్రజాప్రతినిధి – ఎలినార్ రాత్‌బోన్

మన పాఠశాల 75 సంవత్సరాలు పూర్తి చేసుకున్నది. ఇటువంటి సంచికలలో ప్రధానోపాధ్యాయులు పాఠశాల ప్రగతి నివేదికను సమర్పించడం ఆనవాయితీ. ఆ నివేదిక ఈ సంచికలోనే మరొకచోట ఉన్నది. నేను మాత్రం ఇక్కడ ఒక స్త్రీమూర్తి జీవితాన్ని మీ ముందుంచదలచుకున్నాను. ఆమె ఆంగ్ల వనిత. కన్నుమూసి ఎనిమిది దశాబ్దాలు గడిచాయి. ఆమె జీవితం మనకెందుకన్న సందేహం మీకు కలగవచ్చు. అందువల్ల ముందుగా ఆ కారణం మనవి చేస్తాను.

మహారాష్ట్రలోని ఈ నేత పట్టణంలో మన తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్నారు. మగ్గం, మరమగ్గం, బీడీల చుట్టుడు – ఈ మూడే మన వీధులకు అన్నం పెట్టాయి. ఎన్నికల కాలంలో అన్ని పార్టీలవారూ మన గడప తొక్కుతారు. ఓట్ల లెక్కింపు ముగిసిన మరునాటి నుంచి ఎవరి దారి వారిది. కొన్ని సంవత్సరాల క్రితం మన వార్డు నుంచి ఏ పార్టీకీ చెందని ఒక అభ్యర్థి గెలుపొందారు. మనవారు ఆయనకు పూలదండలు వేశారు, పేడాలు పంచారు, ఊరేగించారు, ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఆరు నెలల తరువాత ఒక విద్యార్థిని తల్లి నా గదికి వచ్చి, మనం గెలిపించిన ఆ పెద్దమనిషి మనకు ఏమి చేశారమ్మా అని అడిగింది. ఆయనను మనం ఏమి అడిగామా అని ఆలోచించాను. ఏదీ గుర్తుకు రాలేదు. అడిగి ఉంటే కదా గుర్తుకు వచ్చేది!

ఆ రాత్రి నాకు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివిన రోజులు, ఇంగ్లండు చరిత్రలో ఒక్క పంక్తిగా ఎదురైన ఒక పేరు జ్ఞాపకం వచ్చాయి. తరువాత ఆమెను గురించి వీలు దొరికినప్పుడల్లా చదివాను. ఎన్నికలలో గెలవడం ఎలాగో చెప్పే జీవితాలు చాలా ఉన్నాయి. గెలిచిన తరువాత ఒంటరి ప్రతినిధి ప్రజలతో ఎలా కలిసి పనిచేయాలో, ప్రజలు ఆ ప్రతినిధితో ఎలా కలిసి పనిచేయాలో చెప్పే జీవితాలు తక్కువ. ఆ తక్కువలో ఒకటి ఎలినార్ రాత్‌బోన్ జీవితం.

బాల్యము – విద్య

ఎలినార్ ఫ్లోరెన్స్ రాత్‌బోన్ 1872 మే 12న లండనులో జన్మించింది. తండ్రి విలియం రాత్‌బోన్ లివర్‌పూల్ రేవు పట్టణంలో పేరు మోసిన వర్తకుడు, పార్లమెంటు సభ్యుడు. ఆ వంశంలో ధనంతోపాటు ధర్మచింతన కూడా వారసత్వంగా వచ్చింది. పూర్వికులు బానిస వ్యాపారాన్ని వ్యతిరేకించిన వారు. తండ్రి తన మొదటి భార్య జబ్బుపడినప్పుడు ఒక నర్సు చేసిన సేవను కళ్ళారా చూసి, ఆ సేవ పేదల ఇళ్ళకూ అందాలని తలచాడు. ఫ్లోరెన్స్ నైటింగేల్ సలహా తీసుకుని లివర్‌పూల్‌లో ఇంటింటికీ వెళ్ళే నర్సుల వ్యవస్థను నెలకొల్పాడు.

అటువంటి ఇంట పుట్టిన ఎలినార్ 1893లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని సోమర్‌విల్ కళాశాలలో చేరి గ్రీకు, లాటిను, తత్త్వశాస్త్రం అభ్యసించింది. 1896లో చదువు ముగించింది. కాని పట్టా చేతికి రాలేదు. ఆ కాలంలో ఆక్స్‌ఫర్డ్ స్త్రీలను చదవనిచ్చేది, పరీక్ష రాయనిచ్చేది. పట్టా మాత్రం ఇచ్చేది కాదు. ఆ నియమం 1920లో గాని మారలేదు. మన అమ్మాయిలు పట్టా చేతపట్టుకుని ఛాయాచిత్రం తీయించుకునేటప్పుడు ఈ సంగతి ఒక్కసారి తలచుకోవాలి.

లివర్‌పూల్ రేవు నేర్పిన పాఠము

చదువు ముగిసిన తరువాత ఆమె లివర్‌పూల్ చేరి పేదల సహాయ సంఘం తరఫున ఇల్లిల్లూ తిరగసాగింది. తండ్రి ప్రోత్సాహంతో రేవు కూలీల స్థితిగతులను పరిశీలించింది. ఆ రోజులలో కూలీలు ప్రతి ఉదయం రేవు ద్వారం వద్ద నిలబడేవారు. మేస్త్రీ వేలు చూపినవాడికి ఆ పూట పని, మిగిలినవారికి లేదు. పని ఉన్న వారం కూలి వస్తుంది, లేని వారం అప్పు వస్తుంది. ఆ హెచ్చుతగ్గులను మోయవలసినది ఇంట్లో ఉన్న ఇల్లాలు. భర్త తెచ్చిన దానిలో ఆమె చేతికి ఎంత అందుతుందో ఆమెకే తెలియదు. 1902లో తండ్రి మరణించాడు. 1904లో ఎలినార్ ఆ పరిశీలనను నివేదికగా వెలువరించింది.

ఈ కాలంలోనే ఆమెకు ఎలిజబెత్ మెకాడమ్ అనే సంఘసేవకురాలితో స్నేహం కలిగింది. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. ఇద్దరూ కలిసి పేదవాడలోని స్త్రీల సేవాకేంద్రంలో పనిచేశారు. సేవకు కరుణ ఒక్కటే చాలదనీ, శిక్షణ కూడా కావాలనీ వారి నమ్మకం. ఇక్కడ ఎలినార్ అలవరచుకున్న పద్ధతి ఆమె జీవితమంతటికీ పునాది. మొదట ఇంటికి వెళ్ళాలి, వినాలి, లెక్క వ్రాసుకోవాలి. ఆ తరువాతే సభలో నోరు విప్పాలి.

నగర పాలక సభలో

1909లో గ్రాన్‌బీ వార్డు నుంచి ఆమె లివర్‌పూల్ నగర పాలక సభకు స్వతంత్ర సభ్యురాలిగా ఎన్నికైంది. అప్పటికి ఆమె వయస్సు 37 సంవత్సరాలు. ఆ సభకు ఎన్నికైన మొదటి స్త్రీ ఆమెయే. అప్పటికి బ్రిటనులో స్త్రీలకు పార్లమెంటు ఎన్నికలలో ఓటు లేదు. పాతిక సంవత్సరాలపాటు ఆమె ఆ వార్డుకు ప్రతినిధిగా ఉన్నది.

పార్టీ సభ్యునికి వెనుక ఒక యంత్రాంగం ఉంటుంది. సమాచారం తెచ్చేవారు, ఓట్లు కూడగట్టేవారు, సభలో బల్ల చరిచేవారు ఉంటారు. ఒంటరి సభ్యురాలికి ఇవి లేవు. ఎలినార్ ఆ లోటును ప్రజాసంఘాలతో పూరించింది. 1913లో లివర్‌పూల్ మహిళా పౌర సంఘాన్ని స్థాపించింది. ఓటు రాకముందే స్త్రీలు పన్నులు, గృహవసతి, పారిశుధ్యం వంటి విషయాలను చర్చించడం నేర్చుకోవాలన్నది దాని ఆశయం. ఓటు వచ్చిన రోజున వారు ఎవరి మాటా పట్టుకుని నడవనక్కరలేదు కదా!

ఆ సంవత్సరమే ఆమె పేదల చట్టం క్రింద సహాయం పొందే వితంతువుల పరిస్థితిపై ఒక నివేదిక వెలువరించింది. ఆ తల్లులు పిల్లలను పెంచడానికి ఇచ్చే సొమ్మును భిక్షగా చూడరాదనీ, అది వారు సంఘానికి చేస్తున్న పనికి ప్రతిఫలమనీ ఆమె వాదించింది. ఈ వాదం నాడు వింతగా తోచింది. తరువాతి ముప్పయి ఏళ్ళ పోరాటానికి బీజం మాత్రం ఇదే.

యుద్ధకాలం – తల్లి చేతిలోని సొమ్ము

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సైనికుల కుటుంబాలకు సహాయం అందించే సంఘం లివర్‌పూల్ శాఖ బాధ్యతను ఎలినార్ స్వీకరించింది. భర్తలు యుద్ధరంగానికి పోగా, భార్యలకు ప్రభుత్వం వారం వారం భత్యం ఇచ్చేది. పిల్లల సంఖ్యను బట్టి ఆ మొత్తం పెరిగేది. వేలాది కుటుంబాల లెక్కలు చూసిన ఎలినార్‌కు ఒక విషయం స్పష్టమైంది. చాలా ఇళ్ళలో చరిత్రలో మొదటిసారిగా ఒక నిర్ణీతమైన మొత్తం, నిర్ణీతమైన రోజున, నేరుగా తల్లి చేతికి వస్తున్నది. ఆ ఇళ్ళలో పిల్లలకు తిండి, బట్ట మెరుగుపడ్డాయి.

ఈ అనుభవంతో 1917లో ఆమె కొందరు మిత్రులతో కలిసి కుటుంబ భత్యాల కోసం ఒక సంఘం ఏర్పరచింది. ఒంటరివాడికీ, అయిదుగురు పిల్లలున్నవాడికీ కూలి ఒక్కటే. పిల్లల పోషణ భారం కూలి లెక్కలోకి రానే రాదు. అందుచేత పిల్లల కోసం సంఘమే తల్లికి విడిగా భత్యం ఇవ్వాలని వారి కోరిక. 1924లో ఆమె వ్రాసిన ది డిజిన్‌హెరిటెడ్ ఫ్యామిలీ అనే గ్రంథం ఈ సిద్ధాంతాన్ని సమగ్రంగా ప్రతిపాదించింది. కార్మిక సంఘాలలో చాలామంది తమ కూలి రేట్లు తగ్గుతాయేమోనని భయపడ్డారు. ఖజానా ఖాళీ అవుతుందని మరికొందరు భయపడ్డారు. ఎలినార్ ఎవరినీ శత్రువుగా చూడక, ప్రతి సందేహానికీ లెక్కతో సమాధానం చెప్పింది.

1918లో బ్రిటనులో 30 ఏళ్ళు నిండి, కొన్ని అర్హతలున్న స్త్రీలకు ఓటు వచ్చింది. మరుసటి సంవత్సరం ఆమె మిల్లిసెంట్ ఫాసెట్ తరువాత దేశవ్యాప్త మహిళా సంఘాల సమాఖ్యకు అధ్యక్షురాలైంది. 1928లో 21 ఏళ్ళు నిండిన స్త్రీలందరికీ పురుషులతో సమానంగా ఓటు లభించే వరకు ఆ సమాఖ్య విశ్రమించలేదు.

పార్లమెంటులో ఒంటరి స్థానం

1922లో ఆమె లివర్‌పూల్‌లోని ఈస్ట్ టాక్స్‌టెత్ నియోజకవర్గం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా పార్లమెంటుకు పోటీచేసి ఓడిపోయింది. నగర పాలక సభలో తన పనిని మాత్రం విడిచిపెట్టలేదు. ఏడు సంవత్సరాల తరువాత, 1929లో, ఇంగ్లండు విశ్వవిద్యాలయాల ఉమ్మడి నియోజకవర్గం నుంచి ఎన్నికైంది. అప్పటికి ఆమెకు 57 ఏళ్ళు. ఆ ఎన్నికలలో సభకు వచ్చిన స్త్రీలు 14 మంది మాత్రమే.

ఆ నియోజకవర్గాన్ని గురించి ఒక మాట చెప్పాలి. లివర్‌పూల్, మాంచెస్టర్, బర్మింగ్‌హామ్, లీడ్స్, షెఫీల్డ్, బ్రిస్టల్, డరమ్ మొదలైన విశ్వవిద్యాలయాల పట్టభద్రులు అందులో ఓటర్లు. వారు దేశమంతటా చెదరి ఉండేవారు. ఓటును తపాలా ద్వారా పంపేవారు. అటువంటి నియోజకవర్గాలు తరువాత 1948 నాటి చట్టంతో రద్దయ్యాయి. వీధి లేని ఆ నియోజకవర్గంలో పార్టీ జెండా కన్న అభ్యర్థి పనికే విలువ ఎక్కువ. మరణించే వరకు అక్కడివారు ఆమెను మళ్ళీ మళ్ళీ ఎన్నుకున్నారు.

స్వతంత్ర సభ్యురాలికి మంత్రి పదవి రాదు. ప్రభుత్వాన్ని పడగొట్టే బలమూ ఉండదు. ఆమెకు ఉన్న ఆయుధాలు మూడు. సభలో ప్రశ్న అడగడం మొదటిది. మంత్రులకు ఉత్తరాలు వ్రాసి, వారి గదుల వద్ద ఓపికగా వేచి ఉండడం రెండవది. అన్ని పార్టీల సభ్యులనూ బయటి సంఘాలనూ ఒక్క పని కోసం ఒకచోట కూర్చోబెట్టడం మూడవది. ఈ మూడవదే ఆమె అసలు బలం. 1934లో పేద పిల్లల కనీస పోషణ కోసం ఆమె ఒక సంఘటిత సమితిని ఏర్పరచింది. పాఠశాలలలో పాలు, భోజనం అందాలన్నది దాని ముఖ్యాశయాలలో ఒకటి. మధ్యాహ్నం మన వరండాలో పిల్లలు వరుసగా కూర్చుని భోజనం చేస్తున్నప్పుడు ఆ సమితి నాకు తరచు జ్ఞాపకం వస్తుంది. ఆకలితో ఉన్న బిడ్డకు ఎక్కాలు ఎక్కవన్న సత్యం అన్ని దేశాల ఉపాధ్యాయులకూ తెలిసినదే.

భారత స్త్రీలు చెప్పిన పాఠము

మహనీయుల జీవితాలలో పొరపాట్లను దాచి వ్రాయడం మనకు అలవాటు. ఎలినార్ జీవితంలోని ఒక పెద్ద పొరపాటు మన దేశానికి సంబంధించినదే. దానిని దాచితే ఈ వ్యాసానికి అర్థమే లేదు.

1927లో కాథరిన్ మేయో అనే అమెరికన్ రచయిత్రి మన దేశాన్ని కించపరుస్తూ వ్రాసిన మదర్ ఇండియా అనే గ్రంథాన్ని చదివి, మన బాలికల బాల్యవివాహాలను గూర్చి ఎలినార్ చలించిపోయింది. భారత స్త్రీలకు తాను అండగా నిలవాలని సంకల్పించింది. 1929లో లండనులో ఈ విషయమై ఒక సభ జరిపించింది. ఆ సభలో ధన్వంతి రామారావు గారు లేచి, భారత స్త్రీల సమస్యలపై బ్రిటిష్ స్త్రీలు తామే సభ జరిపి తామే తీర్మానించడాన్ని సూటిగా ఆక్షేపించారు. మన స్త్రీల పక్షాన మాట్లాడడానికి మన స్త్రీలే ఉన్నారన్నది ఆ ఆక్షేపణ సారాంశం.

ఆ మాటలో న్యాయం ఉన్నది. పూనాలో సావిత్రీబాయి, జ్యోతిరావు ఫూలే దంపతులు 1848లోనే బాలికల పాఠశాల ప్రారంభించారు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1881లో తొలి వితంతు వివాహం జరిపించారు. బాల్యవివాహాలను నిరోధించే శారదా చట్టాన్ని 1929లో మన శాసనసభ్యులే ఆమోదించారు. బాలికకు 14, బాలునికి 18 ఏళ్ళ కనీస వయస్సును నిర్ణయించిన ఆ చట్టం 1930 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఈ చరిత్రను ప్రక్కనబెట్టి దూరం నుంచి జాలిపడితే, ఆ జాలి అవమానంగా మారుతుంది.

ఎలినార్ 1932లో మన దేశానికి వచ్చి మహిళా సంఘాల నాయకురాండ్రను కలుసుకున్నది. వారితో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపింది. అయినా పూర్తిగా వినలేకపోయింది. మన ప్రధాన మహిళా సంఘాలు వయోజనులందరికీ ఓటు కావాలనీ, ప్రత్యేక స్థానాలు వద్దనీ కోరాయి. ఎలినార్ మాత్రం వెంటనే సాధ్యమయ్యేది తీసుకోవాలనీ, ఆస్తి ఉన్నవారి భార్యలకైనా ముందు ఓటు ఇప్పించాలనీ పట్టుబట్టింది. 1935 నాటి చట్టంలో ఆమె కోరిన మార్గమే కొంతవరకు చోటు చేసుకుని, స్త్రీ ఓటర్ల సంఖ్య పెరిగింది. భార్య అన్న హోదాతో కాక పౌరురాలిగా ఓటు కోరిన మన స్త్రీల ఆత్మగౌరవం మాత్రం ఆ చట్టంలో నెరవేరలేదు. అది స్వతంత్ర భారత రాజ్యాంగంతోనే నెరవేరింది.

1941లో ఆమె మరొకసారి తొందరపడింది. యుద్ధంలో బ్రిటనుకు సహకరించడం లేదని భారత నాయకులను విమర్శిస్తూ బహిరంగ లేఖ వ్రాసింది. మరణశయ్యపై ఉన్న రవీంద్రనాథ టాగూరు ఆ జూన్ మాసంలో దానికి తీవ్రమైన సమాధానం వెలువరించారు. చెరసాలలో ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ కూడా ఆమెకు జవాబు వ్రాశారు. టాగూరు ఆగస్టు 7న పరమపదించారు.

లివర్‌పూల్‌లో ఇంటింటికీ తిరిగి విన్న మనిషి ఇక్కడ ఎందుకు పొరపడింది? అక్కడ ఆమెను ఎన్నుకున్నవారు ఆమెను ప్రశ్నించగలరు, మార్చగలరు. ఇక్కడ మనకు ఆమెపై ఆ అధికారం లేదు. మంచి మనస్సు ఉన్న ప్రతినిధికైనా సరిదిద్దే ప్రజలు ప్రక్కన ఉండాలి. వారు లేనిచోట సేవ పెత్తనమవుతుంది.

ఓటు లేనివారికి ప్రతినిధి

ఆమె చివరి పది సంవత్సరాలు శరణార్థులకు అంకితమయ్యాయి. హిట్లరు దౌర్జన్యాన్ని తొలినాళ్ళలోనే గుర్తించి హెచ్చరించిన కొద్దిమందిలో ఆమె ఒకరు. 1937లో అంతర్యుద్ధంలో ఉన్న స్పెయిన్‌కు వెళ్ళి ప్రజల బాధలు కళ్ళారా చూసింది. 1938లో అన్ని పార్టీల సభ్యులతో శరణార్థుల పార్లమెంటరీ సంఘం ఏర్పరచి దానికి కార్యదర్శిగా పనిచేసింది.

1940లో భయాందోళనల మధ్య ప్రభుత్వం జర్మనీ, ఆస్ట్రియా దేశాల నుంచి వచ్చిన వారిని వేల సంఖ్యలో నిర్బంధించింది. వారిలో చాలామంది హిట్లరు బారి నుంచి తప్పించుకుని వచ్చిన యూదులే. లివర్‌పూల్ సమీపాన హైటన్‌లోని నిర్బంధ శిబిరానికి ఆమె స్వయంగా వెళ్ళింది. వారి కష్టాలు విని, ఒక్కొక్క మనిషి సంగతి సభలో అడిగింది. ఆ నిర్బంధితులకు ఓటు లేదు. వారివల్ల ఆమెకు దక్కే లాభం ఏమీ లేదు. పార్టీ ఆజ్ఞకు లోబడిన సభ్యులు సంకోచించే చోట ఆమె మాట్లాడగలిగింది. స్వతంత్రతకు నిజమైన వినియోగం ఇదే. అయినా ఆమె కోరినంతమందిని రక్షించడం సాధ్యపడలేదు. ఎన్నో తలుపులు మూసుకునే ఉన్నాయి. ఆ వేదన ఆమెను చివరిదాకా విడువలేదు.

తన బిల్లుకే ఎదురు నిలిచిన వేళ

1942 డిసెంబరులో విలియం బెవరిడ్జ్ సమర్పించిన ప్రసిద్ధ నివేదిక కుటుంబ భత్యాలను సాంఘిక భద్రతకు ఒక మూలస్తంభంగా పేర్కొన్నది. 1945లో ప్రభుత్వం బిల్లు తెచ్చింది. పాతికేళ్ళకు పైగా సాగిన కృషి ఫలించే ఘడియ వచ్చింది. బిల్లు చదివి చూస్తే ఆ భత్యం తండ్రికి చెందుతుందని వ్రాసి ఉన్నది!

ఎలినార్ వయస్సు అప్పటికి 72. ఇంతైనా వచ్చింది కదా అని ఊరుకోవచ్చు. ఆమె ఊరుకోలేదు. సొమ్ము తల్లికి చెందకపోతే, జీవితమంతా తాను కోరిన ఆ బిల్లుకే తాను వ్యతిరేకంగా ఓటు వేయవలసి వస్తుందని సభలో స్పష్టం చేసింది. దశాబ్దాలుగా ఆమెతో కలిసి నడిచిన మహిళా సంఘాలు కదిలాయి. వివిధ పార్టీల సభ్యులు ఆమెను సమర్థించారు. చివరకు ప్రభుత్వం ఈ అంశంపై సభ్యులను పార్టీ ఆజ్ఞ నుంచి విడుదల చేసి, వారి మనస్సాక్షికే విడిచిపెట్టింది. భత్యం తల్లికే చెందాలని సభ నిర్ణయించింది. 1945 జూన్‌లో చట్టం ఆమోదం పొందింది. మొదటి బిడ్డను మినహాయించి తరువాతి ప్రతి బిడ్డకూ వారానికి 5 షిల్లింగులు. బెవరిడ్జ్ సూచించినది 8 షిల్లింగులు. మొదటి బిడ్డకు కూడా భత్యం లభించడానికి 1970ల చివరి వరకు వేచి ఉండవలసి వచ్చింది.

తొలి భత్యం 1946 ఆగస్టు 6న తల్లుల చేతికి అందింది. ఆ దృశ్యాన్ని చూడటానికి ఎలినార్ లేదు. 1946 జనవరి 2న, తన 73వ ఏట, ఆమె అకస్మాత్తుగా కన్నుమూసింది. ఆమె వివాహం చేసుకోలేదు, ఆమెకు బిడ్డలు లేరు. ఆ ఆగస్టులో తపాలా కార్యాలయాల ముందు నిలిచిన లక్షలాది తల్లులలో ఎందరికి ఆమె పేరు తెలుసునో చెప్పలేము.

మన మాట

2024లో మన మహారాష్ట్రలో స్త్రీల ఖాతాలలో నెలకు 1,500 రూపాయలు వేసే లాడ్‌కీ బహిణ్ పథకం ప్రారంభమైనప్పుడు, బ్యాంకు పుస్తకం పట్టుకుని నా గదికి వచ్చిన తల్లుల ముఖాలు చూశాను. అటువంటి పథకాల మంచిచెడ్డలపై అనేక అభిప్రాయాలున్నాయి. వాటి జోలికి నేను పోను. తన పేరున వచ్చిన సొమ్మును తానే లెక్కపెట్టుకునే తల్లి కళ్ళలోని వెలుగు మాత్రం ఎలినార్ ఎందుకు అంత పట్టుబట్టిందో నాకు బోధపరచింది.

ఇక మొదట చెప్పిన మన వార్డు కథ ముగించాలి. ఆ తల్లి అడిగిన ప్రశ్న తరువాత పదిమంది తల్లులు, ఇద్దరు ఉపాధ్యాయినులు, ఒక పూర్వ విద్యార్థి కలిసి ఒక చిన్న సమితిగా ఏర్పడ్డారు. ఒక నెలపాటు ప్రతిరోజూ పాఠశాల కుళాయికి నీరు ఎంతసేపు వచ్చిందో, ఆ రోజు ఎందరు పెద్దతరగతి బాలికలు మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళిపోయారో ఒక నోటుపుస్తకంలో వ్రాశారు. ఆ పుస్తకంతో ఆ స్వతంత్ర సభ్యుని వద్దకు వెళ్ళారు. ఆయన అప్పటికే మన పాఠశాల ముందు ఒక పెద్ద స్వాగత తోరణం కట్టించాలని తలపెట్టి ఉన్నారు. మనవారు వినయంగానే, తోరణం వద్దు, ముందు బాలికలకు నీరూ మరుగుదొడ్లూ కావాలన్నారు. ఆయన కొంచెం నొచ్చుకున్నారు. ఆ తరువాత ఆ నోటుపుస్తకం అడిగి తీసుకున్నారు.

ఆయనకు పార్టీ లేదు, సభలో తోడు లేదు. ఆ పుస్తకంలోని లెక్కలే ఆయనకు తోడయ్యాయి. చర్చ జరిగిన రోజున మన తల్లులు వెళ్ళి ప్రేక్షకుల స్థానాలలో కూర్చున్నారు. పని పూర్తి కావడానికి ఏడాదికి పైగా పట్టింది. నడుమ మూడుసార్లు మళ్ళీ వెళ్ళవలసి వచ్చింది. ఒకసారి ఆయనే కబురుపెట్టి కొత్త లెక్కలు తెమ్మన్నారు. నేడు పెరట్లో ఉన్న బాలికల మరుగుదొడ్ల గది, దాని ప్రక్కనున్న నీటితొట్టి ఆ నోటుపుస్తకం ఫలమే.

ఓటు వేయడంతో మన కర్తవ్యం తీరిపోదు. గెలిచినవారికి దండ వేసిన మరునాడే ఒక పుస్తకం కూడా చేతికివ్వాలి. మన అవసరం ఏమిటో లెక్కతో చెప్పాలి. వారు మన కోసం నిలబడినప్పుడు వెనుక మనం నిలబడాలి. వారు పొరపడినప్పుడు మర్యాదగా, నిర్భయంగా చెప్పాలి. సంఖ్యలో తక్కువైన మనవంటి వారికి ఇది మరింత అవసరం. ఎలినార్ రాత్‌బోన్ జీవితం నుంచి నేను గ్రహించినది ఇంతే.

ఆ తల్లులు వ్రాసిన నోటుపుస్తకం కార్యాలయంలోని బీరువాలో భద్రంగా ఉన్నది. ఉత్సవాలకు విచ్చేసే పూర్వ విద్యార్థులు అడిగితే సంతోషంగా చూపిస్తాను. అందులో ఇంకా చాలా కాగితాలు ఖాళీగా ఉన్నాయి.

– ప్రధానోపాధ్యాయిని